అత్తయ్య-సాన్ అద్దిన మంచుకొండలు

మా అత్తగారు క్రైస్ట్‌చర్చ్‌లో దిగింది జూన్ మొదటి వారంలో. రోహిణీ కార్తె ఎండలకు పెడనలో మాడిమాడి, విమానం దిగేసరికి నడి చలికాలంలో పడ్డారు. మర్నాడు పొద్దున నేను కారు అద్దం మీద పేరుకున్న మంచుపొరను గీకుతుంటే కిటికీలోంచి చూశారట. నేను లోపలికి రాగానే, "ఇలాంటి ఊరికా మావాణ్ణి లాక్కొచ్చావు" అన్నారు. నిజానికి ఆయనే నన్ను తీసుకొచ్చాడు. మా ఆయన సివిల్ ఇంజినీరు. భూకంపంలో కూలిన ఊరిని తిరిగి కడుతున్నారంటే ఉద్యోగం వెతుక్కుని వచ్చాడు. నేను హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీస్తాను. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా అత్తయ్యా నేనూ ఒక కప్పు కింద పదిహేను రోజులకు మించి ఉన్నది లేదు. నాది వరంగల్. ఆవిడ నా పచ్చిపులుసు చూసి, ఇది ఉడకబెట్టడం మర్చిపోయావా అని అడిగిన మనిషి.

ఈసారి ఆర్నెల్లు ఉండాలని వచ్చారు. మొదటి వారంలోనే ఇద్దరికీ మాటలు అయిపోయాయి.

నాతో పనిచేసే ఒక కివీ స్నేహితురాలు అంతకు ముందే తన పేరూ నా పేరూ ఒక శనివారం క్లాసుకు రాయించింది. జపాన్ పద్ధతిలో చెక్క మీద బొమ్మ చెక్కి, కాగితం మీద అచ్చు తీయడం నేర్పుతారు. వారానికొకటి చొప్పున ఎనిమిది క్లాసులు. సరిగ్గా క్లాసు మొదలయ్యే ముందు గురువారం ఆమె ఇంటిమెట్ల మీద మంచుకు జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎక్స్‌రే తీసింది నేనే. ఆమె చోటు ఖాళీ అయింది. మా ఆయనకు శనివారాలు కూడా సైటు ఉంటుంది. అత్తయ్యను ఇంట్లో ఒంటరిగా వదలడానికి నాకు భయం. ఒకరోజు వదిలి వెళ్తే, గదిని వేడిచేసే హీట్‌పంపు రిమోట్‌లో ఏదో నొక్కి చల్లగాలి పెట్టుకుని, రెండు రజాయిల కింద సాయంత్రం దాకా నన్ను తిట్టుకుంటూ కూర్చున్నారు. అందుకని వెంట తీసుకెళ్ళాను. అంతే తప్ప అందులో నా గొప్పదనం ఏమీ లేదు.

మా పేటలోని కమ్యూనిటీ హాల్లో పదిమందిమి ఉన్నాం. నేర్పే ఆవిడ జపాన్ మనిషి. డెబ్బై దాటి ఉంటాయి. భుజం దాకా కూడా రాని తెల్లజుట్టు, రంగు మరకల ఏప్రను, నా చెవి దగ్గరికొచ్చే ఎత్తు. నలభై ఏళ్ళుగా ఈ దేశంలోనే ఉంటున్నారు. అందరూ ఆవిడను సెన్సే అంటారు, అంటే గురువు అని అర్థం. నేను "అత్తయ్యా, ఇక్కడ కూర్చోండి" అనడం విని, అదే ఆవిడ పేరనుకున్నారు సెన్సే. టీ ఇస్తూ, "అత్తయ్య-సాన్" అని వంగి పిలిచారు. సాన్ అంటే మన గారు లాంటిదని మా అత్తగారికి చెప్పాను.

"అంటే అత్తయ్యగారూ అంటోందన్నమాట. నువ్వు ఒక్కనాడైనా అలా పిలిచావా?" అన్నారు మా అత్తగారు.

అది పేరు కాదని సెన్సేకు చెప్పే వీలు నాకు దొరకలేదు. రెండో వారానికల్లా క్లాసులోని రిటైరయిన ప్లంబరు కూడా "మార్నింగ్, అత్తయ్య-సాన్" అనడం మొదలుపెట్టాడు. ఈవిడేమో తిరిగి ఆవిడను సెన్సేగారూ అనేవారు.

ఆ మొదటిరోజు సెన్సే ఒక అట్టపెట్టెలోంచి పలచటి కాగితాలు విప్పి, లోపలున్న బొమ్మను బల్ల మీద పెట్టారు. వాళ్ళ నాన్న దాచుకున్న పాత అచ్చుబొమ్మ అట. చలికాలపు కొండ. కొండ నిండా మంచు. కింద నాలుగు గడ్డికప్పుల ఇళ్ళు మంచు బరువుకు వంగినట్టు ఉన్నాయి. ఒక చిన్న చెక్కవంతెన మీద గొడుగు పట్టుకుని ఒక మనిషి వెళ్తున్నాడు. పైన ఆకాశం చిక్కటి నీలంలో మొదలై, కొండ శిఖరం దగ్గరికి వచ్చేసరికి రంగే లేకుండా పోయింది. పదిమందిమీ గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాం. ముట్టుకోకండి అని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వచ్చి, దాన్ని తిరగేయమన్నారు.

నేను అనువాదం చేయలేదు. ఆవిడ మళ్ళీ అన్నారు, ఈసారి చేత్తో చూపిస్తూ. "వెనకవైపు చూపించమను అమ్మాయ్. ముందువైపు ఎవరైనా చూస్తారు."

సెన్సేకు మాట అర్థం కాలేదుగాని, చెయ్యి తిప్పడం అర్థమైంది. ఒక్క క్షణం మా అత్తగారి ముఖంలోకి చూసి, రెండు చేతులతో బొమ్మను తిరగేశారు. వెనకవైపు రుద్దుడు గుర్తులు గుండ్రంగా, రంగు లోపలికి దిగిన నీడలు. మా అత్తగారు దాని మీదకు వంగి పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు.

"తొమ్మిది అచ్చులు" అన్నారు.

నేను చెప్పగానే సెన్సే తల అడ్డంగా ఊపారు. ఎనిమిదే. ఎనిమిది చెక్కలు, తనకు బాగా తెలుసు. మా అత్తగారు బొమ్మలోని ఆకాశం వైపు వేలు చూపించి, ఇక్కడ రెండుసార్లు పడింది అన్నారు. నిజమే, కాని చెక్క ఒకటే, సగం రంగు తడిబట్టతో తుడిచి రెండోసారి వేస్తాం అన్నారు సెన్సే. రెండుసార్లు వేస్తే రెండు అచ్చులు కాదా అని ఈవిడ. చెక్క ఒకటైతే అచ్చు ఒకటే అని ఆవిడ. మధ్యలో నేను టెన్నిస్ కోర్టులో బంతిలా అటూ ఇటూ తిరిగాను. మిగతా ఎనిమిదిమంది టీ చల్లారబెట్టుకుని వింటున్నారు. చివరికి సెన్సే నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు, ఈవిడ ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు అని.

ఆ ప్రశ్న నేను మా అత్తగారిని అడగడం అదే మొదటిసారి.

ఆవిడ చాలా మామూలుగా చెప్పారు. పెడనలో వాళ్ళ నాన్నకు అద్దకం షెడ్డు ఉండేదట. కలంకారీ దుప్పట్లు, చీరలు. పదేళ్ళప్పటి నుంచీ అద్దకం బల్ల దగ్గర నిలబడ్డారట. పన్నెండేళ్ళకు టేకు అచ్చులు చెక్కే ముసలాయన పక్కన కూర్చుని ఉలి పట్టారట. పెళ్ళయ్యాక అత్తవారింట్లో బ్యాంకు ఉద్యోగాలు, గవర్నమెంటు క్వార్టర్లు. మళ్ళీ ఉలి పట్టలేదట. మా ఆయనకు తాతగారిది బట్టల వ్యాపారం అని మాత్రమే తెలుసు. నాకు అదీ తెలియదు.

"ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను.

"ఎవరడిగారు?" అన్నారు.

సెన్సే బొమ్మను సర్దిపెట్టి, తన సొంత ఉలుల సంచి తెచ్చి మా అత్తగారి ముందు పరిచారు. మిగతావాళ్ళకు క్లాసు ఉలులే. వాటిలో ఒకటి తీసి, మా అత్తగారు బొటనవేలి గోరు మీద దాని పదును చూశారు. సెన్సే ముఖం వికసించింది. అప్పటి నుంచి ఆ ఇద్దరికీ నాతో పని తక్కువైంది.

ఇంటికి వెళ్తూ కార్లో మా అత్తగారు దారిపొడుగునా మాట్లాడారు. పద్నాలుగేళ్ళలో మాట్లాడినదానికంటే ఎక్కువ. జపాన్ వాళ్ళు రంగులో గంజి కలుపుతారట, చూశావా, మన అద్దకంలో మాత్రం గంజి వాడని పని ఉందా అన్నారు. వాళ్ళు కాగితం అచ్చు మీద పెట్టి వెనక నుంచి రుద్దుతారు, మనం అచ్చును బట్ట మీద పెట్టి పిడికిలితో గుద్దుతాం, అంతే తేడా అన్నారు. ఇంటికి రాగానే ఫోన్లో మా ఆయనకు చెప్పిన మొదటి మాట, "ఒరేయ్, సైటు నుంచి తుప్పు పట్టిన మేకులు పట్రా."

బెల్లం, తుప్పు మేకులు, నీళ్ళు. ఇవి ఒక బకెట్లో మూడు వారాలు ఊరితే అద్దకానికి నల్లరంగు తయారవుతుందట. మా గరాజ్‌లో పెట్టారు. బట్టను ముందుగా ముంచడానికి కావలసిన కరక్కాయ పొడి ఇండియన్ షాపులో దొరికింది, అరుగుదల మందుల అరలో. ఎన్ని డబ్బాలున్నాయో అన్నీ ఇవ్వమంటే, షాపులో అంకుల్ నా వైపు జాలిగా చూసి, నీళ్ళు ఎక్కువ తాగమ్మా అన్నాడు.

రెండో శనివారం నుంచి అందరం సొంత బొమ్మ మొదలుపెట్టాం. చలికాలపు కొండ అని సెన్సే విషయం ఇచ్చారు. ఇక్కడే మా అత్తగారికి పేచీ వచ్చింది. ఆ పాత బొమ్మలో మంచు అని చూపించినదంతా ఖాళీ కాగితమే. అక్కడ ఏ అచ్చూ పడలేదు. పెడనలో బట్ట మీద జానెడు ఖాళీ వదిలితే వాళ్ళ నాన్న ఊరుకునేవాడు కాదట. ఆకులో, చుక్కలో, చిలకో ఏదో ఒకటి పడాల్సిందే.

"కొండంత కొండను ఖాళీగా వదిలేసి మంచు అంటే ఎలా? అది పని ఎగ్గొట్టడం కదూ?" అన్నారు.

దీన్ని నేను కొంచెం మెత్తగా చేసి చెప్పాను. సెన్సేకు అసలు మాట అందినట్టే ఉంది. పకపకా నవ్వి, అత్తయ్య-సాన్ ఎప్పుడైనా మంచును దగ్గర్నుంచి చూశారా అని అడిగారు. కారు అద్దం మీద చూశారు అన్నాను. అది లెక్కలోకి రాదన్నారు సెన్సే.

అలా ఆ ఆదివారం సెన్సేతో కలిసి నలుగురం బయల్దేరాం. మా ఆయన డ్రైవింగ్. నగరం దాటి పడమరగా వెళ్తే గంటంబావులో పోర్టర్స్ పాస్ అనే కొండదారి ఎక్కుతాం. రెండ్రోజుల కిందట దక్షిణ ధ్రువం వైపు నుంచి గాలి వచ్చి మంచు కురిపించి వెళ్ళింది. మా అత్తగారు చీర లోపల మా ఆయన ఉన్ని లాగు, చీర మీద ఆయన సైటు వానప్యాంటు, పైన నారింజరంగు సైటు కోటు వేసుకుని, కొంగు మాత్రం బయటికి లాగారు. కోటుకు వెండిరంగు మెరుపు పట్టీలు. దూరం నుంచి చూస్తే రోడ్డు బాగుచేయడానికి వచ్చిన మనిషిలా ఉన్నారు. దారిలో ఒకచోట దిగినప్పుడు ఒక కారాయన ఆవిడను చూసి మర్యాదగా స్లో చేశాడు కూడా.

రోడ్డు పక్కన కారు ఆపి దిగాం. మంచు పాదం లోతు ఉంది. మా అత్తగారు ఒక అడుగు వేసి ఆగిపోయారు. చుట్టూ చూశారు. ఎండ కాస్తోంది, గాలి లేదు. అంత తెలుపును ఒక్కసారిగా చూస్తే కళ్ళకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. కొండ మీద అక్కడక్కడా నల్లరాళ్ళు, ఎండుగడ్డి దుబ్బులు, రోడ్డంచు కంచె కర్రలు, అంతే. ఆవిడ వంగి మంచు గుప్పెట్లోకి తీసుకుని, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, కొంగున తుడుచుకున్నారు.

"నిజమే అమ్మాయ్. ఇక్కడ అద్దేదేం లేదు. రాళ్ళు అద్దితే చాలు, మంచు దానంతటది వస్తుంది."

నేను సెన్సేకు చెప్పాను. సెన్సే రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టి, కారు డిక్కీ తెరిచి, ఎర్రటి ప్లాస్టిక్ స్లెడ్డు బయటికి లాగారు. పిల్లలు మంచు మీద జారే పడవలాంటిది. మా ఆయనకు కూడా తెలియకుండా ఎప్పుడు పెట్టారో. డెబ్బై దాటిన మనిషి, మేం నోరు తెరిచేలోపు వాలు పైకి ఎక్కి, దాని మీద కూర్చుని, కాళ్ళు ముందుకు చాచి, జర్రున కిందికి వచ్చారు. చివర్లో ఒక గడ్డిదుబ్బుకు తగిలి పక్కకు ఒరిగి, మంచు దులుపుకుంటూ లేచారు.

"నేనూ" అన్నారు మా అత్తగారు.

మా ఆయన వద్దన్నాడు. మోకాళ్ళ సంగతి ఎత్తాడు, బీపీ సంగతి ఎత్తాడు, ట్రావెల్ ఇన్సూరెన్సు సంగతి ఎత్తాడు. ఈ నెలలో ఎన్ని తుంటి ఎముకలు ఎక్స్‌రే తీశానో చెప్పమని నన్ను సాక్ష్యానికి పిలిచాడు. నేను లెక్క చెప్పబోతుండగానే ఆవిడ ఎక్కడం మొదలుపెట్టారు. నారింజ కోటు ముందు, తెల్లజుట్టు వెనక. ఇద్దరూ చేతులు పట్టుకుని ఎక్కి, ఒకే స్లెడ్డులో ఇరుక్కుని కూర్చున్నారు. సెన్సే ముందు, మా అత్తగారు ఆవిడ నడుం పట్టుకుని వెనక.

వాళ్ళు తిన్నగా రాలేదు. సగం దారిలో స్లెడ్డు అడ్డం తిరిగింది, తర్వాత వెనక్కి తిరిగింది. మా అత్తగారు ముఖం కొండకేసి, వీపు మాకేసి, కొంగు జెండాలా లేచి, గోవిందనామాలు గట్టిగా చదువుతూ దిగారు. కింద స్లెడ్డు వేరు, ఇద్దరూ వేరు. మంచులో రెండు కుప్పలు. కదలిక లేదు.

నేను పరుగెత్తాను. తుంటి, మణికట్టు, వెన్ను, ఏది ముందు చూడాలో మనసులో వరుస పెట్టుకుంటూ పరుగెత్తాను. దగ్గరికి వెళ్తే ఇద్దరూ వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నారు. మా అత్తగారి పొట్ట కదులుతోంది. మొదట ఏడుపనుకున్నాను. నవ్వు. శబ్దం కూడా రాని నవ్వు, ఊపిరి అందక కళ్ళ వెంట నీళ్ళు కారే నవ్వు. పక్కన సెన్సేదీ అదే పరిస్థితి. ఒకరు ఆపితే ఇంకొకరు మొదలుపెడుతున్నారు. ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడుగుతూ నేనూ మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఎందుకో తెలియదు, నాకూ ఆగలేదు. నా అనుభవంలో మా అత్తగారి పళ్ళన్నీ ఒకేసారి చూడటం అదే మొదలు.

ఆ రోజు ఆవిడ పదకొండుసార్లు జారారు. నేను ఆరుసార్లు. చివరికి మా ఆయన కూడా, "ఒక్కసారి చూస్తా, ఎంత డేంజరో" అని కూర్చుని, మూడుసార్లు చూశాడు.

తర్వాతి వారాల్లో మా అత్తగారు ఆ కొండనే చెక్కారు. కాగితానికి క్లాసు వాళ్ళిచ్చిన పలచటి ప్లైవుడ్ చాలు. బట్టకు చాలదన్నారు. మా ఆయన, సైటులో కూల్చిన పాత ఇంటి దూలంలోంచి రిము అనే ఇక్కడి చెట్టు చెక్క అరచెయ్యంత ముక్క కోయించి తెచ్చాడు. దాన్ని నువ్వులనూనెలో నాలుగు రోజులు నానబెట్టి చెక్కారు. హాల్లో సెన్సే ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, తన పని మానేసి చూస్తుండేవారు. ఒకరి చేతిలో ఉలి ఇంకొకరు తీసుకుని, ఇలా కాదు ఇలా అని చూపించుకునేవారు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడేవారు. పేచీ వస్తేనే నన్ను పిలిచేవారు.

నా బొమ్మ సంగతి కూడా చెప్పాలి. అచ్చులో ఎత్తుగా మిగిలిన చోటే రంగు పడుతుంది, తవ్విన చోట పడదు. ఇది మొదటిరోజే చెప్పారు. నేను ఐదు వారాలు శ్రద్ధగా రాళ్ళు తవ్వేసి మంచును మిగిల్చాను. అచ్చు తీస్తే కొండంతా బొగ్గుకుప్పలా నల్లగా వచ్చింది, మధ్యలో తెల్లరాళ్ళు. ప్లంబరు దాన్ని చాలాసేపు చూసి, ఇది అగ్నిపర్వతమా అని అడిగాడు. సెన్సే మర్యాదగా, రాత్రి దృశ్యం అన్నారు. మా అత్తగారు మాత్రం, "ఎక్స్‌రేలు తీసీ తీసీ ఇలా అయింది పిల్ల" అని అందరికీ వినిపించేలా అన్నారు. దాన్ని నేను అనువాదం చేయను అన్నాను. అందరూ పట్టుబట్టారు. చేశాను.

ఆవిడ కాగితం బొమ్మ బాగా వచ్చింది. నల్లరాళ్ళు, గోధుమరంగు గడ్డి, పైన పోతూపోతూ ఆరిపోయే నీలం. సెన్సే దాన్ని వెలుగులో పెట్టి చూసి తల ఒకసారి వంచారు. అంతటితో ఎవరైనా తృప్తిపడతారు. ఈవిడకు మాత్రం అంత కష్టపడి అచ్చు చెక్కి ఒకే ఒక్క కొండ వేయడం అన్యాయం అనిపించింది.

ఏడో క్లాసు తర్వాతి సోమవారం, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద మా పడకగది దుప్పట్లు రెండు మడతపెట్టి పరిచి ఉన్నాయి. వాటి మీద మా డబుల్ బెడ్‌షీటు. తెల్లదే, కాని కరక్కాయ నీళ్ళలో, పాలలో ముంచి ఆరేయడంతో లేత గంధం రంగులోకి తిరిగింది. గరాజ్ బకెట్లోని నల్లరంగు ఇప్పుడు ఒక బేకింగ్ ట్రేలో ఉంది. మా అత్తగారు చీర ఎగ్గట్టి, అచ్చు ముంచి, బట్ట మీద ఆనించి, పిడికిలితో ధబ్‌మని గుద్దుతున్నారు. ఎత్తి, పక్కన ఆనించి, మళ్ళీ ధబ్. కొలత లేదు, గీత లేదు. వరుస పూర్తయ్యాక అచ్చును తలకిందులు చేసి రెండో వరుస వేస్తున్నారు. కింది కొండల శిఖరాల మధ్య సందుల్లోకి పై కొండల శిఖరాలు దిగుతున్నాయి.

మా ఆయన సైటు బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు. ఇది మన బెడ్‌షీటా అని అడిగాడు. అవునన్నాను. వాళ్ళమ్మ చేతులు అంత వేగంగా కదలడం అతను ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి బూట్లు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి, ట్రే పట్టుకున్నాడు.

ఆఖరి శనివారం కొండలు అద్దిన ఆ దుప్పటిని హాలుకు తీసుకెళ్ళాం. నేనూ ప్లంబరూ చెరో కొసా పట్టుకుని విప్పాం. గోడ నుంచి గోడ దాకా కొండలే. నిటారుగా కొన్ని, తలకిందులుగా కొన్ని, వందకు తక్కువుండవు. ఒక చలికాలపు కొండను అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. వంద కొండలు అలా వరుసగా నిలబడితే మాత్రం ఏదో పెళ్ళి ఊరేగింపులా ఉంది.

సెన్సే దగ్గరికొచ్చి చూశారు. వెనక్కి వెళ్ళి చూశారు. వాళ్ళ నాన్న జీవితమంతా దాచుకున్న బొమ్మను వెక్కిరించినట్టు అనుకుంటారేమో అని నాకు భయం. ఆవిడ భుజాలు మొదట కదిలాయి. తర్వాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చుని, మోకాళ్ళ మీదకు వంగిపోయారు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, నా వైపు కాకుండా నేరుగా మా అత్తగారి వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నారు. "యాభై ఏళ్ళుగా ఒక్కొక్క కొండే వేస్తున్నాను. ఎంత పిసినారిని."

నేను చెప్పాను. మా అత్తగారు వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని, దుప్పటి సగం ఆవిడదే అన్నారు.

దుప్పటిని అక్కడికక్కడే కోశారు. హాలు కిచెన్‌లోని కత్తెరతో. సెన్సే కోస్తుంటే మా అత్తగారు సాగదీసి పట్టుకున్నారు. ఇద్దరూ నవ్వుతూ ఉండటంతో కోత పాములా వంకర్లు తిరిగి, ఒక పక్క సరిచేయబోయి ఇంకో పక్క పాడుచేసి, చివరికి మధ్యలోంచి జానెడు వెడల్పు పట్టీ ఒకటి విడిగా ఊడి వచ్చింది. మరి నాకో అని అడిగాను. ఆ పట్టీ నా మెడలో వేశారు.

అది నా దగ్గర రెండు రాత్రులే ఉంది. సోమవారం పొద్దున బయట గడ్డి మీద మంచు గట్టిగా పట్టి ఉంది. మా ఆయన దాన్ని మఫ్లరులా చుట్టుకుని సైటుకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం టీ వేళకు ఫోన్ చేశాడు. గొంతు దించి మాట్లాడుతున్నాడు, చుట్టూ ఎవరో ఉన్నట్టు.

"అమ్మ ఇక్కడివాళ్ళకు ఇంకో ఏడు చేస్తుందేమో అడుగు. క్రేన్ ఆపరేటర్‌కి తలకిందులు కొండలు ఎక్కువ కావాలట."

అడిగాను. ఆవిడ గోధుమపిండి కలుపుతూ, తల ఎత్తకుండానే, సెన్సేగారిని ఆదివారం భోజనానికి పిలవమన్నారు.

ఆ ఆదివారం సెన్సే చిన్న పెట్టెలో ఊరబెట్టిన ముల్లంగి తెచ్చారు. మా అత్తగారు ముద్దపప్పు, గోంగూర, పులిహోర చేశారు. నేను పచ్చిపులుసు చేశాను. సెన్సే దాన్ని గిన్నె ఎత్తి సూపులా తాగి ఇంకొంచెం అడిగారు. మా అత్తగారు నా వైపు చూసి, తన కంచంలో కూడా వేయమన్నట్టు వేలు ఊపారు. తిన్నాక బల్ల ఖాళీ చేసి, దుప్పట్లు పరిచి, కోసిన బట్టలు వరుసగా పెట్టాం. సెన్సే రంగు కలిపారు. మా ఆయన ఆరబెట్టడానికి గరాజ్‌లో తాడు కట్టాడు. రెండు మఫ్లర్లు మా అత్తగారు, రెండు సెన్సే వేశారు. అయిదోది తీసి నా ముందు పరిచి, మా అత్తగారు అచ్చును నా చేతిలో పెట్టారు. చెక్క నూనె జిడ్డుగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

ముంచాను. ఆనించాను. భయం భయంగా తట్టాను.

"దోమను కొడుతున్నావా? గుద్దు అమ్మాయ్" అన్నారు మా అత్తగారు.

గుద్దాను. టేబుల్ మీది గ్లాసులు గలగలలాడాయి. ఎత్తి చూస్తే కొండ కొంచెం ఎడమకు వాలి ఉంది, నల్లరాళ్ళు మాత్రం స్పష్టంగా పడ్డాయి. సెన్సే వంగి చూసి, గాలి ఎక్కువగా ఉన్న రోజన్నమాట అన్నారు. మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని రెండంగుళాలు పక్కకు జరిపి, రెండోది వేయమన్నారు.